మూడుకీ ఎనిమిదికీ మధ్య

జనవరి 8, మంగళవారం

నేను చూశాను. ఆ అమ్మాయి స్కీలు చేతిలోకి తీసుకుని, బూటును స్కీకి పట్టి ఉంచే రెండు బైండింగుల మీదా అంకె చూసి, ఆ తర్వాతే కాగితం మీద సంతకం పెట్టాను. ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పనే. మా అన్న షర్షెన్ బిగిస్తాడు, నేను చూస్తాను. రెండో జత కళ్లు పడకుండా మా అద్దె కొట్లోంచి ఒక్క స్కీ కూడా గడప దాటదు.

నిన్న మధ్యాహ్నం తిరిగొచ్చిన స్కీలు వ్యానులో వేసుకుందామని కొండమీదికి వెళ్లాను. లిఫ్టు దగ్గర జనం మూగి ఉన్నారు. సహాయ దళం వాళ్లు ఆమెను మంచుబండి మీద దించుతున్నారు. ఆల్మాటీ నగరం నుంచి వచ్చిన గౌహర్ అనే అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయేమో. పొద్దున కొట్లో బూట్లు తొడుక్కుంటూ, "పడితే నొప్పి పెడుతుందా అక్కా?" అని నవ్వింది. "మంచు మెత్తగానే ఉంటుందమ్మా, పడటం కూడా నేర్చుకోవాలి" అన్నాను.

ఆమె అరవడం లేదు. మోకాలు పైకి చూస్తోంది, బూటు ముక్కు కిందికి చూస్తోంది. స్కీ ఇంకా ఆ బూటుకే ఉంది.

ఊడి ఉండాలి. పడ్డప్పుడు ఊడటానికేగా ఆ బైండింగు ఉన్నది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ షర్షెన్ చెప్పే మాట అదే. "ఎంత గట్టిగా పట్టుకోవాలో చెప్పే అంకె కాదిది, ఎప్పుడు వదలాలో చెప్పే అంకె."

అంకె చిన్నదైతే త్వరగా వదులుతుంది. ఆమెకు మూడు. యాభై రెండు కిలోలు, మొదటిసారి ఎక్కుతోంది. మూడు అని కాగితం మీద నేనే రాశాను. నేను చూశాను.

జనవరి 9

షర్షెన్ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. నేనూ అడగలేదు.

జనవరి 10, గురువారం

మామిత్, హలీమా కలిసి వచ్చారు. మామిత్ అంటే లిఫ్టు నడిపే మామిత్, షర్షెన్ చిన్ననాటి స్నేహితుడు. హలీమా బజారులో చల్లటి నూడుల్స్ అమ్ముతుంది. డిసెంబరులో రాజధాని వాళ్లు లిఫ్టు పక్కనే అద్దాల హాలు కట్టి, యంత్రాలు పెట్టి, స్కీలు అద్దెకివ్వడం మొదలుపెట్టినప్పుడు మా పక్షాన మొదట నిలబడింది ఈ ఇద్దరే. "స్కీలు కావాలా? ముందు షర్షెన్ దగ్గరికి, తర్వాత నా దగ్గరికి" అని హలీమా తన కొట్టు ముందు బోర్డు కట్టింది. అది చూసి టాక్సీవాళ్లు, బస గదులిచ్చే ఆడవాళ్లు, బడి పంతుళ్లు అందరూ మాకే పంపడం మొదలుపెట్టారు. ఊరి కొట్టు ఊరిదే అన్నారు. ఆ ధైర్యంతోనే ముప్పై జతలు కొత్తవి తెప్పించాం.

మామిత్ టోపీ కూడా తీయకుండా కూర్చున్నాడు.

"చూడు జాజ్‌గుల్, నువ్వు నోరు మెదపొద్దు. ఆ పిల్లతో తమ్ముడొకడు వచ్చాడు చూడు, పొడుగ్గా ఉంటాడు, సాకెన్. లిఫ్టు ఎక్కేముందు వాడు వంగి ఆమె కాలి దగ్గర ఏదో తిప్పుతున్నాడు. నా కళ్లారా చూశాను. చేతిలో స్క్రూడ్రైవరు లాంటిది ఉంది."

"లాంటిదా?"

"స్క్రూడ్రైవరే."

"నేనూ చూశాను," అంది హలీమా.

"నీ కొట్టు బజార్లో కదా హలీమా, కొండమీదికి ఎప్పుడు వెళ్లావు?"

"వెళ్లానంటే వెళ్లాను. సాయం చేద్దామని వస్తే వకీలులా ఈ ప్రశ్నలేంటి నీకు? కొండమీద ఆఫీసులో రాసిచ్చేశాం కూడా. ఇద్దరం సంతకాలు పెట్టాం. ఊళ్లోవాళ్లం ఉండి కూడా నిన్ను ఆ అద్దాల హాలువాళ్ల నోట్లో పడనిస్తామా?"

షర్షెన్ మాకు వీపు పెట్టి స్కీ అంచు ఆకురాయితో అరగదీస్తున్నాడు. ఆకురాయి ఆగింది. ఇటు తిరిగాడు. ఏదో అనబోయాడు.

నేను టీ పోశాను. పాలు కలిపి, నూనెలో వేయించిన బూర్సోక్ రొట్టెముక్కలు పళ్లెంలో పెట్టి, ముందు షర్షెన్‌కే అందించాను.

ఎంత మంచివాళ్లు. ఈ ఊళ్లో పుట్టడం అదృష్టం. రెండు జతల కళ్లు చూశాక ఇక అనుమానమేముంది? కుర్రకారు ఇలాగే చేస్తారు. అక్క స్కీ ఊడిపోతోందని బిగించి ఉంటాడు. పాపం, తెలియక చేసి ఉంటాడు.

జనవరి 12, శనివారం

పాదం తీసేశారట.

ఎముక విరిగినప్పుడే రక్తనాళం తెగిందట. డాక్టర్లు రెండుసార్లు ప్రయత్నించారు. ఉదయం తీసేశారు. ఆమె భూమి కొలిచే ఉద్యోగం చేస్తుందని ఇవాళే తెలిసింది. ఎడారుల్లో, గట్ల మీద నడిచే పని.

మధ్యాహ్నం దాకా కొట్లో నిలబడే ఉన్నాను. ముగ్గురు వచ్చారు, ముగ్గురికీ స్కీలు ఇచ్చాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. ఒకతను "ఏమైందమ్మా, మూడుసార్లు చిల్లర ఇచ్చారు" అని వెనక్కి ఇచ్చాడు.

జనవరి 14, సోమవారం

కొండమీద ఆఫీసుకు పిలిచారు. భద్రత చూసే అధికారి కొత్తవాడు, మర్యాదస్థుడు. బల్లమీద ఆ స్కీలు ఉన్నాయి. నలభై ఒకటో నంబరు జత, కొత్తవాటిలోది.

"మీరే చదవండి," అన్నాడు.

ఎనిమిది.

"వెనకాల?"

ఎనిమిది. రెండో స్కీ ముందు ఎనిమిది, వెనక ఎనిమిది.

"కాగితంలో మూడు ఉంది. కింద ఇద్దరి సంతకాలు ఉన్నాయి. సాక్షులు కూడా ఉన్నారు కాబట్టి మీరు భయపడాల్సిందేమీ లేదు. ఆమె తమ్ముడు కూడా కాదనలేదు."

"కాదనలేదా?"

"ఏడ్చాడు. తల ఊపాడు. అంతే."

వ్యాను నడుపుకుంటూ కిందికి వస్తుంటే లెక్క తేలలేదు. మామిత్ చూసింది ఒక కాలి దగ్గర వంగడం. ఎనిమిదికి తిరిగినవి నాలుగు స్క్రూలు. లిఫ్టు వరుసలో, వెనకాల జనం తోస్తుంటే, నాలుగు స్క్రూలు.

తిప్పి ఉంటాడు. కాదనలేదు కదా.

జనవరి 15

ఇవాళ షర్షెన్ స్కీలు బిగిస్తుంటే రెండుసార్లు దగ్గరికి వెళ్లాను. చూడలేకపోయాను. అతని ముందు నేను వంగి ఆ అంకె చదివితే, నిన్ను నమ్మడం లేదని మొహం మీద చెప్పినట్టే. సంతకం పెట్టాను.

జనవరి 17, గురువారం

ఇది వరసగా రాయాలి. లేకపోతే రేపు ఇంకోలా గుర్తుంచుకుంటాను.

ప్రసూతి ఆసుపత్రి నర్సులు ప్రతి జనవరిలో ఒకరోజు సెలవు పెట్టుకుని మా దగ్గరికి వస్తారు. ఇవాళ ఎనిమిది మంది వచ్చారు. పెద్ద నర్సు రాబియా గడపలోంచే మొదలుపెట్టింది.

"షర్షెన్ అన్నా, ఈసారైనా నాకు పడిపోని స్కీలు ఇవ్వు. పోయినేడు నా కింద ఒక ఆస్ట్రియావాడు నలిగిపోయాడు."

"పాపం, వాడు మళ్లీ రాలేదా?"

"ఎందుకొస్తాడు? వాడి దేశంలో కూడా కొండలున్నాయిగా!"

అందరూ నవ్వారు. షర్షెన్ కూడా నవ్వాడు. పది రోజుల తర్వాత కొట్లో నవ్వు వినబడింది. నేను కాగితాలు నింపాను. అందరివీ మూడు, మూడున్నర. అతను వరసగా బిగించాడు. వాళ్లు తొందరపడుతున్నారు, వ్యానువాడు హారన్ కొడుతున్నాడు. ఒకమ్మాయి చివరి నిమిషంలో కడుపు నొప్పి అని ఆగిపోయింది. మిగతా ఏడుగురూ వెళ్లారు.

బల్ల మీద మిగిలిపోయిన ఆ జతను అరలో పెడదామని తీశాను. వెలుతురు నేరుగా దాని మీదే పడుతోంది.

ఎనిమిది.

మిగతా ఏడు జతలు చూశానా? చూసే ఉంటాను అనుకున్నాను. అలా అనుకుంటూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని పరిగెత్తాను. షర్షెన్ "ఏమైంది? జాజ్! ఏమైంది?" అంటున్నాడు. జవాబు చెప్పలేదు.

మామిత్ ఫోను ఎత్తలేదు. దారి మంచు గడ్డకట్టి ఉంది. మలుపులో రెండుసార్లు వ్యాను జారింది. లిఫ్టు దగ్గరికి వెళ్లేసరికి నర్సుల్లో నలుగురు ఇంకా వరసలో ఉన్నారు. ముగ్గురు పైకి వెళ్లిపోయారు.

"ఎవర్నీ ఎక్కించకు," అన్నాను మామిత్‌తో.

"ఎందుకు?"

"స్కీలు తప్పుగా బిగించాం. మావి. అందరివీ."

అతను నా చెయ్యి పట్టుకుని గది వెనక్కి లాగాడు. "గట్టిగా అరవకు! ఇప్పుడు ఆపితే ఎందుకాపావని అడుగుతారు. ఏం చెప్పమంటావు?"

"నిజం చెప్పు."

"ఏ నిజం? నేను సంతకం పెట్టింది ఇంకో నిజం మీద!"

 ఆ క్షణంలో తెలిసింది, మామిత్ ఏమీ చూడలేదు. మొదట్నుంచీ నాకు తెలుసేమో. తెలియదనుకున్నాను.

వరసలో ఉన్న నలుగురినీ స్కీలు తీసేయమని అరిచి, నేను లిఫ్టు ఎక్కాను. పైకి చేరడానికి పదమూడు నిమిషాలు. అన్నేళ్లలో ఆ లిఫ్టు అంత మెల్లగా ఎప్పుడూ నడవలేదు. కింద ఫిర్ చెట్ల మధ్య ఎవరైనా పడి ఉన్నారేమోనని చూస్తూనే ఉన్నాను.

పైన రాబియా కర్రలు మంచులో గుచ్చి, కిందికి జారడానికి సిద్ధంగా ఉంది.

"కదలొద్దు!"

"అరె జాజ్‌గుల్ అక్కా, నువ్వు కూడా వచ్చావా? రా, నీ కింద నలగడానికి ఎవర్నైనా చూద్దాం."

మంచులో మోకాళ్ల మీద కూర్చుని చదివాను. ఎనిమిది. ఎనిమిది. పక్కమ్మాయిది మూడు, ఎనిమిది. ఇంకో అమ్మాయిది అన్నీ ఎనిమిదే. కిందవాళ్లవి తర్వాత చూశాను. ఏడు జతల్లో ఐదు తప్పు. వేళ్లు కొయ్యబారి స్క్రూ తిరగడం లేదు. రాబియా నవ్వు ఆగిపోయింది. మెల్లగా వంగి నా తలకు దగ్గరగా అడిగింది.

"ఆల్మాటీ పిల్లకి కూడా ఇలాగేనా?"

"అవును."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

రాబియా తన స్కీలు విప్పి పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. "ఆ పిల్ల ఉన్న ఆసుపత్రీ మాదీ ఒకే ఆవరణ. ఆ తమ్ముడు రోజూ కింద బెంచీ మీద కూర్చుంటున్నాడు. అక్క గదిలోకి రానివ్వడం లేదట. మేమే పిలిచి సూపు పోస్తున్నాం. నిన్న మాతో ఏమన్నాడో తెలుసా? నా చెయ్యి కూడా తీసేస్తే బాగుండును అన్నాడు."

జనవరి 18, శుక్రవారం

షర్షెన్‌తో మాట్లాడాను. కొట్టు తలుపు వేసి, పొద్దున, టీ ముందు.

గోడమీది కాలెండరు చూపించి ఇవాళ తేదీ ఎంత అన్నాను. అతను అటు చూడలేదు.

"పోయిన వసంతం నుంచీ," అన్నాడు. "రెండు కళ్లకీ పొర. శుక్లాలట. డాక్టరు చిన్న ఆపరేషనే అన్నాడు."

"మరి ఎందుకు చేయించుకోలేదు?"

"ఎప్పుడు చేయించుకోను? వేసవిలో ఆసుపత్రిలో నా వంతు రాలేదు. శీతకాలం రాగానే ఆ హాలు తెరిచారు. ఊరంతా షర్షెన్ చెయ్యి, షర్షెన్ చెయ్యి అంటూ మనుషుల్ని పంపుతున్నారు. షర్షెన్‌కి కళ్లు లేవని చెప్పమంటావా? పాతవాటిని నా చేతులు ఎరుగును జాజ్. స్ప్రింగు ఎంత బిగిసిందో వేళ్లకు తెలుస్తుంది. ఈ కొత్తవాటిని ఎరగవు. మూడూ ఎనిమిదీ నాకొకటే."

"మామిత్ వచ్చిన రోజున చెప్పొచ్చుగా?"

"చెప్పబోయాను. నువ్వు టీ పోశావు."

పొయ్యి మీది టీ గిన్నె దించేశాను. అప్పుడు అడిగాను. "సరే. ఆ అమ్మాయికి అలా అయ్యాక, నర్సులకు ఎలా ఇచ్చావు? చేతులెలా వచ్చాయి?"

అతను నిజంగా ఆశ్చర్యపోయి చూశాడు.

"నువ్వు చూస్తున్నావు అనుకున్నాను. నువ్వు చూస్తావు కదా."

జనవరి 19, శనివారం

నేను చూడలేదు.

ఏడో తారీఖున గౌహర్ స్కీలు నేను చేతిలోకి తీసుకోలేదు. బల్ల ఇవతల నిలబడే సంతకం పెట్టాను. ఆ రోజే కాదు. అతను తప్పు చెయ్యడన్న నమ్మకంతో ఎన్నేళ్లుగా ఇలా సంతకాలు పెడుతున్నానో. అతని కళ్లు పోతున్నాయని కూడా తెలియనంత నమ్మకం. కాగితాలు చదివి వినిపించమంటే అచ్చు బాలేదనుకున్నాను. టీ కప్పు అంచు దాటి పోస్తే చలికి చేతులు వణుకుతున్నాయనుకున్నాను.

చూడలేదు. ఈ రెండు ముక్కలు రాయడానికి పన్నెండు రోజులు పట్టింది.

ఇద్దరం వెళ్లి అధికారి దగ్గర ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన పాత వాంగ్మూలాలు తీసి ముందు పెట్టుకుని, "మరి వీళ్లు?" అన్నాడు. "వాళ్లేమీ చూడలేదు" అన్నాను. కేసు నడుస్తుంది. కొట్టుకు తాళం షర్షెనే వేశాడు, తాళంచెవి అధికారి బల్లమీద పెట్టాడు. ఈ సీజను మాకు అయిపోయింది. వచ్చే సీజను ఉంటుందో లేదో.

బయట మామిత్ ఎదురుపడ్డాడు.

"మీకోసం అబద్ధమాడితే మమ్మల్నే దొంగల్ని చేశారు," అన్నాడు షర్షెన్‌తో. "చెల్లెలంటే సరే, ఆడది, భయపడింది. నువ్వు కూడానా?"

"ఆ పిల్లాడు తల ఊపాడు మామిత్," అన్నాడు షర్షెన్. "చెయ్యనిదానికి తల ఊపాడు."

మామిత్ టోపీ కిందికి లాక్కుని వెళ్లిపోయాడు. బజారులోంచి వస్తుంటే చూశాను, హలీమా బోర్డు లేదు.

జనవరి 20, ఆదివారం

ఆసుపత్రికి ఇద్దరం వెళ్లాం. మెట్ల దగ్గర షర్షెన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. ముందైతే పట్టుకునేవాడు కాదు.

గౌహర్ కిటికీ పక్క మంచం మీద ఉంది. దుప్పటి ఒకచోట ఉన్నట్టుండి పల్చబడింది. అటు చూడకూడదనుకున్నాను, చూశాను. ఆమె నన్ను గుర్తుపట్టింది. "మీరా అక్కా, కూర్చోండి" అంది. పలకరించడానికి వచ్చామనుకుంది.

షర్షెన్ కూర్చోలేదు. "తల్లీ, నీ స్కీలు బిగించింది నేను. నాకు చూపు సరిగా లేదు. మూడు పెట్టాల్సింది ఎనిమిది పెట్టాను. ఎవరికీ చెప్పలేదు."

"నేను చూడకుండా సంతకం పెట్టాను," అన్నాను. "మీ తమ్ముడు ఏమీ తిప్పలేదు. చూశామన్నవాళ్లు చూడలేదు."

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకున్నాను. చేతికందినది విసురుతుందనుకున్నాను. ఒక్కటే అడిగింది.

"సాకెన్ ముట్టుకోలేదా?"

"బూటు పట్టీ బిగించి ఉంటాడు. అంతే."

"నేను వాడితో ఏమన్నానో మీకు తెలుసా? నువ్వు పుట్టకుండా ఉంటే నాకు కాలుండేది అన్నాను. మా అమ్మ ఫోనులో వింటోంది. అమ్మ కూడా ఏమీ అనలేదు."

కిటికీ వైపు తిరిగింది. మళ్లీ మావైపు తిరిగింది. 

"మిమ్మల్ని ఏమనాలో నాకింకా తెలియడం లేదు. తర్వాత అంటాను. ముందు వాణ్ణి తీసుకురండి. ఆయనొద్దు, మీరు వెళ్లండి. సంతకం మీదేగా."

కింద ఆవరణలో ఇనప బెంచీ మీద ఉన్నాడు సాకెన్. ఒళ్లో నారింజల సంచి. నర్సులెవరో భుజాల మీద శాలువా కప్పారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. షర్షెన్ కళ్లు, కొత్త స్కీలు, నా సంతకం, నర్సులవి ఐదు జతలు. అంతా శ్రద్ధగా విన్నాడు.

"లేదండీ," అన్నాడు మర్యాదగా. "నేనే తిప్పాను."

"నువ్వు తిప్పలేదు బాబూ."

"తిప్పాను. నాకు గుర్తుంది. స్క్రూ చల్లగా తగిలింది. కుడివైపు తిప్పాను. అక్క, చాలురా అంది. నేను ఇంకొంచెం తిప్పాను."

  పది రోజుల్లో ఆ పిల్లాడు తాను ముట్టని స్క్రూకు చలి కూడా పుట్టించుకున్నాడు.

"స్క్రూడ్రైవరు ఎక్కడిది నీ దగ్గర?"

ఆలోచించాడు. నుదురు ముడిపడింది.

"జేబులో ఉండి ఉంటుంది."

"ఇప్పుడెక్కడుంది?"

"మంచులో పడిపోయి ఉంటుంది." ఆగాడు. "నేనెందుకు తెచ్చుకుంటానండీ స్క్రూడ్రైవరు?"

"తెచ్చుకోలేదు. నీ దగ్గర లేదు."

"మరి ఆ లిఫ్టు తాత చూశానన్నాడు కదా. నన్ను ఎప్పుడూ చూడని మనిషి. నామీద ఆయనకేం కోపం?"

"కోపం లేదు. నువ్వెవరో ఆయనకి తెలియదు. మా కొట్టు నిలబడాలని అన్నాడు."

ఆ మాట అతనికి అర్థం కాలేదు. నాకూ అర్థమయ్యేలా చెప్పడం చేతకాలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అక్క పిలుస్తోంది, వెళ్లు," అన్నాను.

లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"మీరు కూడా రండి. ఇందాక చెప్పింది మళ్లీ చెప్పండి, ఆమె ముందు, నా ముందు. నేనొక్కణ్ణే వెళితే నేనే తిప్పానని చెప్పేస్తాను."

సంచి అతని చేతిలోంచి నేను తీసుకున్నాను. మూడంతస్తుల మెట్లు. ప్రతి అంతస్తులో ఆగాడు, ప్రతిసారీ అడిగాడు, "నేను కాదు కదా?" అని. "కాదు" అన్నాను. గది ముందు నాలుగోసారి అడిగాడు. "కాదు" అని, తలుపు నేనే తీశాను.